డెకాల్ కొనేముందు ఒక నీటి చుక్క



మీ ఇంట్లో పాత కుట్టు మిషన్ ఉందా? నల్లటి ఇనుప మిషన్. చేత్తో తిప్పేదైనా సరే, కాలితో తొక్కేదైనా సరే. ఉంటే ఒకసారి దాని ఒంటి మీద చూడండి. బంగారు రంగు తీగలుంటాయి, పూలుంటాయి, కంపెనీ పేరుంటుంది. ఎవరో ఓపిగ్గా కూర్చుని కుంచెతో వేశారనిపిస్తుంది. కానీ అవి చేత్తో వేసినవి కావు. కాగితం మీద అచ్చు వేసిన బొమ్మలు. ఫ్యాక్టరీలో వాటిని కాగితం మీంచి ఇనుము మీదికి ఎక్కించారు. పైన వార్నిష్ పూశారు. అందుకే తాతమ్మ తొక్కిన మిషన్ మీద ఆ పూలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ రోజు మన మాట అలాంటి బొమ్మల గురించే. ముఖ్యంగా నీళ్లలో నానబెట్టి అంటించే రకం గురించి. డెకాల్ అంటారు. వాటర్ ట్రాన్స్‌ఫర్ అని కూడా దుకాణాల్లో అడుగుతుంటారు. మామూలు స్టిక్కర్‌కి వెనక జిగురు ఉంటుంది, ఒలిచి అంటిస్తాం. దీన్ని ఒలవం. నీళ్లలో వేస్తాం. కాగితానికీ బొమ్మకీ మధ్య గంజి జాతి బంక పూత ఒకటి ఉంటుంది. అది నానుతుంది. బొమ్మ పలచటి పొరగా కాగితాన్ని వదిలేస్తుంది. దాన్ని కప్పు మీదికో, సైకిల్ మీదికో జార్చి పరుస్తాం. ఆరాక తడిమి చూస్తే అంచు వేలికి దాదాపు తెలియదు. స్టిక్కర్‌కి లేని అందం అదే.

పాత మిషన్ మాట వచ్చింది కాబట్టి ఒక్క హెచ్చరిక చెప్పి ముందుకు వెళతాను. ఆ పూల మీద స్పిరిట్‌తో తుడవకండి. పాత సింగర్ మిషన్ల మీద ఉన్న పూత చాలావాటికి లక్కతో చేసింది. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. పూతతో పాటు బంగారు పూలూ పోతాయి. మెత్తటి గుడ్డ మీద రెండు చుక్కల మిషన్ ఆయిల్ వేసి తుడిస్తే చాలు.

ఇక అసలు సంగతి. డెకాల్ కొనడానికి వెళ్లినవాళ్లు ఏం చూస్తారు? బొమ్మ చూస్తారు. నెమలి బాగుందా, గులాబీ బాగుందా అని చూస్తారు. నేను చెప్పేది ఒకటే. బొమ్మ తర్వాత చూడండి. ముందు అంటించే చోటు చూడండి. దాని రంగు చూడండి. అది నీళ్లు పీలుస్తుందా లేదా చూడండి. దానికి వేడి తగులుతుందా, సబ్బు తగులుతుందా, మన నోరు తగులుతుందా అని చూడండి. ఏ షీటు కొనాలో ఆ చోటే చెబుతుంది.

హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్‌ని ఒకసారి ఊహించుకోండి. మెట్రోలో వచ్చి అక్కడి స్టేషన్లోనే దిగండి. 2020 ఫిబ్రవరిలో తెరిచిన స్టేషన్ అది. ఈ బజారుని ఒకప్పుడు రెసిడెన్సీ బజార్ అనేవాళ్లు. కోఠీలో బ్రిటిష్ రెసిడెంట్ ఉండే భవనం పక్కన పెరిగింది కాబట్టి ఆ పేరు. 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చాక సుల్తాన్ బజార్ అయింది. అక్కడ ఎటు తిరిగినా ఒక కొత్త వస్తువు, ఒక కొత్త ఉపరితలం. ఈ వైపు బట్టలు, గాజులు. ట్రూప్ బజార్ వైపు వెళితే హార్డ్‌వేరు, శానిటరీ సామాను. బేగంబజార్‌కి దాటితే స్టీలు గిన్నెలు, ఇత్తడి బిందెలు. వీటన్నిటి మీదా ఒకే డెకాల్ పనిచేస్తుందా? చెయ్యదు. ఏ దుకాణంలో ఏది దొరుకుతుందో మాత్రం నేను చెప్పను. రేడియోలో కూర్చుని దుకాణాల పేర్లు చెప్పడం బాగుండదు కదా.

ముందు రంగు సంగతి. ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

మన ముంగిట్లో ముగ్గు ఎందుకు కనిపిస్తుంది? కింద పేడ నీళ్లు చల్లి నేల ముదురు రంగుకి తెచ్చాం కాబట్టి. అదే ముగ్గుపిండితో తెల్లటి పాలరాతి మీద ముగ్గు వెయ్యండి. ఎంత గొప్ప చెయ్యి వేసినా కనిపించదు. డెకాల్ కూడా అంతే, కాకపోతే తిరగేసి. మామూలు ప్రింటర్లో తెల్ల సిరా ఉండదు. ఎరుపు, పసుపు, నీలం, నలుపు ఉంటాయి. ఆ సిరాల్లోంచి వెలుతురు దూరిపోతుంది. కింద తెల్లగా ఉంటేనే వాటి రంగు పైకి తేలుతుంది. తెల్ల కప్పు మీద ఎర్ర గులాబీ ఎర్రగానే ఉంటుంది. అదే గులాబీని నల్ల కప్పు మీద పరిస్తే? కప్పు నలుపు గులాబీని మింగేస్తుంది.

అందుకే షీట్లు రెండు రకాలుగా వస్తాయి. ఒకటి పారదర్శకమైనది. క్లియర్ అనో, ట్రాన్స్‌పరెంట్ అనో అడగండి. ఇంకొకటి తెల్లది. తెల్లదాంట్లో బొమ్మ కింద తెల్లటి పొర ముందే ఉంటుంది. తెల్లటి వస్తువులకి, లేత రంగు వస్తువులకి పారదర్శకం. నలుపు, ముదురు నీలం, మెరూన్ లాంటి వాటికి తెల్లది. మళ్లీ చెబుతున్నాను. లేత రంగుకి పారదర్శకం, ముదురు రంగుకి తెల్లది.

తెల్ల షీటుతో ఒక చిక్కు ఉంది. బొమ్మ చుట్టూ మీరు కత్తిరించకుండా వదిలిన జాగా అంతా తెల్లగానే మిగులుతుంది. నల్ల హెల్మెట్ మీద సన్నటి అక్షరాలు అంటించాలంటే ప్రతి అక్షరం చుట్టూ కత్తెర తిప్పాలి. అది అయ్యే పని కాదు. అక్షరాలకి ఒక పట్టీ గీసి, ఆ పట్టీకి నిండుగా ఒక రంగు వేసి, మొత్తాన్ని ఒకే ముక్కగా కత్తిరించండి. చూడ్డానికీ బాగుంటుంది.

మరి కుట్టు మిషన్ నలుపు మీద బంగారు పూలు ఎలా నిలిచాయి, కింద తెల్లపొర లేదు కదా అని మీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. లోహపు పొడి కలిసిన బంగారు రంగులోంచి వెలుతురు దూరదు. అందుకే దానికి కింద తెలుపు అక్కర్లేదు. ఇంట్లో ప్రింటర్‌తో ఆ బంగారం రాదు. వచ్చేది పసుపు మాత్రమే.

ప్రింటర్ మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. మీ బొమ్మ మీరే అచ్చు వేసుకోవాలంటే షీటు ప్రింటర్‌కి తగ్గది కావాలి. ఇంక్‌జెట్‌కి వేరు, లేజర్‌కి వేరు. లేజర్ ప్రింటర్ లోపల బాగా వేడి ఉంటుంది. ఇంక్‌జెట్ షీటు అందులో పెడితే పూత కరిగి లోపల అతుక్కోవచ్చు. షీటుకి పోయేది కొద్ది డబ్బే, ప్రింటర్‌కి మాత్రం పెద్ద ఖర్చే తగులుతుంది. జిరాక్స్ షాపులో ఇస్తున్నా సరే, ముందు ఆ మాట అడిగి ఇవ్వండి.

ఇంక్‌జెట్ సిరా చాలావరకు నీళ్లలో కరిగేదే. అచ్చు వేసి అలాగే నీళ్లలో ముంచితే బొమ్మ కాస్తా రంగునీళ్లవుతుంది. అందుకని ముంచేముందు పైన క్లియర్ అక్రిలిక్ స్ప్రే కొట్టాలి. పలచగా రెండు మూడు సార్లు. ఒక పూత ఆరాకే ఇంకో పూత. లేజర్ బొమ్మకి ఆ బాధ తక్కువ. అందులో ఉండేది ప్లాస్టిక్ పొడి, నీళ్లకి కరగదు. స్ప్రే కొట్టేది ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొయ్యికి దూరంగా. వాన ముసురు పట్టిన రోజున వద్దు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పూత తెల్లగా పొగమంచు పట్టినట్టవుతుంది.

రంగు చూశాం. ఇప్పుడు రెండో పరీక్ష. దీనికి పరికరం ఏమీ అక్కర్లేదు. ఒక్క నీటి చుక్క చాలు.

వస్తువుని సబ్బుతో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద ఒక చుక్క నీళ్లు వెయ్యండి. చూడండి. చుక్క మూడింట్లో ఒకటి చేస్తుంది.

చుక్క పలచగా పరుచుకుందా? గాజుగ్లాసు, పింగాణీ కప్పు, మెరుపు టైలు మీద అలాగే జరుగుతుంది. అది మంచి చోటు. నేరుగా అంటించవచ్చు.

చుక్క లోపలికి ఇంకిపోయిందా? మట్టి కుండ, పూత లేని చెక్క, ప్లాస్టర్ బొమ్మ, సున్నం గోడ ఇలా చేస్తాయి. ఇక్కడ నేరుగా అంటిస్తే పొర సరిగా పట్టదు. పైగా ఆ గరుకు గుంటల్లో గాలి ఉండిపోతుంది. ఎండాక బొమ్మ మీద వెండి రంగు మచ్చలు తేలతాయి. విమానం, ఓడ నమూనాలు కట్టే పిల్లల్ని అడగండి, ఈ మచ్చల బాధ వాళ్లకి బాగా తెలుసు. దీనికి మందు ముందే వెయ్యాలి. అంటించే చోట ముందుగా వార్నిష్ గానీ, అక్రిలిక్ క్లియర్ గానీ పూయండి. గరుకు పోయి నున్నగా మెరిసేదాకా పూయండి. మళ్లీ చుక్క వెయ్యండి. ఇప్పుడు ఇంకదు. అప్పుడు అంటించండి. మ్యాట్ పెయింట్ వేసిన చోటుకీ ఇదే సూత్రం.

ఇక మూడోది. చుక్క గుండ్రంగా నిలబడి, కొంచెం వంచితే జారి పడిపోయిందా? అక్కడ నూనె జిడ్డయినా ఉండాలి, మైనమైనా ఉండాలి, లేదా ఆ ప్లాస్టిక్ స్వభావమే అంత. మళ్లీ కడగండి, కొత్త వస్తువైతే స్పిరిట్‌తో తుడవండి. అప్పటికీ చుక్క అలాగే నిలబడితే ఆశ వదులుకోండి. పప్పులు, ఉప్పులు పోసుకునే మెత్తటి ప్లాస్టిక్ డబ్బాలు చాలావరకు ఇలాంటివే. వాటికి ఏదీ గట్టిగా పట్టదు. డెకాల్ ఎండాక అంచు నుంచి రేకులా లేచిపోతుంది. డబ్బా మీద పేరు కావాలంటే కాగితం చీటీ రాసి టేపు వేసుకోవడం మేలు.

పరుచుకుంటే అంటించండి. ఇంకితే ముందు పూత పూయండి. జారితే కడిగి చూడండి, మళ్లీ జారితే మానెయ్యండి.

ఇప్పుడు కప్పుల దగ్గరికి వద్దాం. ఇందులో మాట్లాడాల్సింది ఎక్కువ ఉంది.

ఇంట్లో షష్టిపూర్తి ఉందనుకోండి. వచ్చినవాళ్లకి ఒక్కో కప్పు ఇవ్వాలనుకున్నారు. మీద అమ్మానాన్నల ఫోటో, తేదీ. మీ ముందు మూడు దారులున్నాయి. ఫోటో మగ్గులు చేసే షాపుకి వెళితే వాళ్లు ఎక్కువగా చేసేది డెకాల్ కాదు. సబ్లిమేషన్ అంటారు. దానికి ప్రత్యేకమైన పూత ఉన్న తెల్ల మగ్గు కావాలి. 180 నుంచి 200 డిగ్రీల వేడిలో నొక్కితే రంగు ఆ పూతలోకి దిగుతుంది. మీరు బేగంబజార్‌లో బేరమాడి డజన్ల లెక్కన తెచ్చిన మామూలు కప్పు అక్కడ పనికిరాదు. ఆ పూత దానికి లేదు.

రెండో దారి మనం ఇంట్లో చేసుకునే డెకాల్. ఏ కప్పుకైనా పడుతుంది. చూడ్డానికి బాగుంటుంది. అలమరలో పెట్టుకోవడానికి, పెన్నులు వేసుకోవడానికి, డబ్బులు దాచుకునే ముంతగా వాడుకోవడానికి నిక్షేపం. కానీ రోజూ టీ తాగి, స్క్రబ్బరు వేసి తోమే కప్పుకి మాత్రం ఇది నిలవదు. పైన ఉన్నది పలచటి ప్లాస్టిక్ పొర. రాపిడికి అంచు లేస్తుంది. గిన్నెలు తోమే మిషన్లో అయితే ఇంకా తొందరగా లేస్తుంది.

మూడో దారి కొలిమి డెకాల్. ఇది కూడా నీళ్లలో నానబెట్టి జార్చేదే. చూడ్డానికి తేడా తెలియదు. కానీ అందులో ఉన్నది మామూలు సిరా కాదు. లోహాల ఆక్సైడ్లు, మెత్తగా నూరిన గాజుపొడి కలిపిన రంగు. అంటించాక కప్పుని కొలిమిలో కాలుస్తారు. పింగాణీ మీద అయితే సుమారు 800 డిగ్రీల దాకా, గాజు మీద అయితే సుమారు 600. పైనున్న ప్లాస్టిక్ పొర కాలి పొగై పోతుంది. రంగు కరిగి కప్పు మెరుపులో కలిసిపోతుంది. మీ ఇంట్లో పూల డిన్నర్ సెట్ ఉంటే ఆ పూలు చాలావరకు ఇలా వచ్చినవే. ఏళ్ల తరబడి తోమినా ఉంటాయి.

కాగితం మీంచి పింగాణీ మీదికి బొమ్మ ఎక్కించడం కొత్త విద్య కాదు. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరంలో జాన్ శాడ్లర్, గై గ్రీన్ అని ఇద్దరుండేవాళ్లు. 1756లో ఒక రోజు వాళ్లిద్దరూ కలిసి ఆరు గంటల్లో 1200కి పైగా టైల్స్ మీద బొమ్మలు అచ్చు వేశారు. ఆ సంగతి ప్రమాణపత్రం మీద రాసి ఇచ్చారు కూడా. వాళ్లది నీళ్లలో జార్చే పద్ధతి కాదు, పలచటి కాగితంతో అద్దే పద్ధతి. అయినా చేత్తో పువ్వు పువ్వూ దిద్దే కాలానికి అది పెద్ద మలుపే. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గది ఉంది. సుల్తాన్ బజార్ నుంచి మూసీ దాటితే అక్కడికి వెళ్లొచ్చు. ఈసారి వెళ్లినప్పుడు పళ్లాల మీది పూలని దగ్గరగా చూడండి. ఏది కుంచె పనో, ఏది అచ్చు పనో కనిపెట్టడానికి ప్రయత్నించండి.

కప్పు విషయంలో ఇంకో ముఖ్యమైన మాట. డెకాల్ కప్పు బయటే ఉండాలి. లోపల వద్దు. అంచు మీద కూడా వద్దు. పెదవి తగిలే చోటు నుంచి రెండు వేళ్లు కిందికి ఉండాలి. ఇంట్లో వాడే షీట్లు, స్ప్రేలు తిండికి తగలడానికి చేసినవి కావు. కొలిమి డెకాల్ అయినా నాసిరకం ఎర్ర, పసుపు రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే ప్రమాదం ఉంది. పులుసు, నిమ్మరసం లాంటి పులుపు తగిలితే అవి బయటికి దిగుతాయి. పిల్లల పళ్లెంలో అడుగున బొమ్మ అంటించాలని సరదా పడేవాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ సరదా వద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బట్టల మీద డెకాల్ వెయ్యకండి. టీషర్టు మీద బొమ్మ కావాలంటే ఇస్త్రీతో ఎక్కించే షీటు వేరే ఉంటుంది. గోళ్లకి వచ్చే చిన్న బొమ్మలు డెకాల్ రకమే. కింద రంగు పూర్తిగా ఆరాక అంటించి, పైన టాప్‌కోట్ వేసుకోండి. స్టీలు గ్లాసు మీద డెకాల్ పడుతుంది, కానీ పీచు పెట్టి రుద్దితే రెండు నెలలు కూడా ఆగదు. స్టీలు మీద మనవాళ్లు పేర్లు కొట్టించేవాళ్లు కదా, అదే సరైన పద్ధతి. దానికి మించింది ఇప్పటికీ లేదు. మట్టి ప్రమిదలకి, సన్నటి కొవ్వొత్తులకి అసలు వద్దు. ఆ పొర మండుతుంది. నిర్మల్ బొమ్మ మీదో, కొండపల్లి బొమ్మ మీదో డెకాల్ అంటించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి మానుకోండి. చేత్తో దిద్దిన దాని మీద అచ్చు బొమ్మ దేనికి?

సైకిల్, హెల్మెట్, బీరువా, ఇవి మంచి చోట్లు. పెయింటు నున్నగా ఉంటుంది. సైకిల్ గొట్టం గుండ్రంగా ఉన్నా ఒకే వైపు వంపు, బొమ్మ చక్కగా చుట్టుకుంటుంది. హెల్మెట్ అన్ని వైపులా వంపు. దాని మీద పెద్ద బొమ్మ ముడతలు పడుతుంది. చిన్న బొమ్మలు వేసుకోండి. ఎండావానా తగిలేవి కాబట్టి వీటికి పైన క్లియర్ వార్నిష్ తప్పదు. హెల్మెట్‌కి మాత్రం కంపెనీవాళ్లు వద్దన్న స్ప్రే కొట్టకండి. కొన్ని ద్రావకాలు దాని ప్లాస్టిక్‌ని బలహీనం చేస్తాయి. అక్కడ అందం కన్నా తల ముఖ్యం.

అంటించే తీరు రెండు మాటల్లో. మూలలు గుండ్రంగా కత్తిరించండి, కోసుగా ఉన్న మూలే ముందు లేస్తుంది. గోరువెచ్చని మంచి నీళ్లు తీసుకోండి. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి. అర నిమిషం నుంచి నిమిషం ముంచి, తీసి పళ్లెంలో పెట్టండి. బొమ్మ దానంతటదే కదలాలి. కదలకపోతే ఇంకాసేపు ఆగండి, గోటితో పీకకండి. మరీ ఎక్కువసేపు నానబెట్టినా బంకంతా పోయి పట్టు తగ్గుతుంది. అంటించే చోటు తడిపి, కాగితంతో సహా అక్కడ ఆనించి, కాగితాన్ని కిందనుంచి లాగండి. మధ్య నుంచి అంచులకి మెత్తగా నీళ్లు తోసెయ్యండి. ఒక రోజంతా ఆరనివ్వండి. ఆ తర్వాతే వార్నిష్.

గాజు తలుపుకి లోపలి వైపు అంటించి బయటివాళ్లు చదవాలనుకుంటే అక్షరాలు తిరగేసి అచ్చు వేయించాలి. మిగతా అన్నిటికీ మామూలుగానే.

దుకాణంలో మంచి వ్యాపారి అయితే మిమ్మల్నే అడుగుతాడు. "దేని మీద వేస్తరమ్మా?" అంటాడు. అడగకుండా షీటు చేతిలో పెడితే మీరే చెప్పండి. "నల్ల కప్పన్నా, రోజూ టీ తాగేది" అనండి. "దానికి ఇది ఆగదమ్మా, కొలిమిల కాల్పించాలె" అన్నాడంటే పని తెలిసినవాడే. అన్నిటికీ ఇదే పనికొస్తుందని చెప్పేవాడి దగ్గర ఒకే ఒక్క షీటు కొని, ముందు ఖాళీ సీసా మీద వేసి చూసుకోండి. ఇంకా మంచిది ఏమిటంటే, ఈసారి కోఠీ వెళ్లేటప్పుడు మీరు బొమ్మ వెయ్యాలనుకున్న ఆ కప్పుని కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి.